రక్త క్యాన్సర్‌కు తొలి కళ్ళెం: భీమవరం నుంచి బోస్టన్ దాకా ఎల్లాప్రగడ సుబ్బారావు

జగదల్‌పూర్ నుంచి దక్షిణంగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి తోంగ్‌పాల్ మీదుగా సుక్మా, కోంటా చేరి, అక్కడి నుంచి తెలుగు నేలలోకి ప్రవేశిస్తుంది. ఈ దారి పొడవునా ఉన్న ఊళ్ళలో మితానిన్‌గా పిలిచే ఆరోగ్య కార్యకర్తలు గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన ఎర్రని మాత్రలు అందిస్తారు. బస్తర్ గిరిజన కుటుంబాలను తరతరాలుగా వేధిస్తున్న సికిల్‌సెల్ రక్తహీనత ఉన్నవారు ప్రతిరోజూ పసుపుపచ్చని చిన్న ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకుంటారు. ఇక ఏ పసిబిడ్డకైనా రక్త క్యాన్సర్ అని తేలి, తల్లిదండ్రులు రాయ్‌పూర్‌కో విశాఖపట్నానికో తీసుకువెళితే, అక్కడి వైద్యులు ఇచ్చే మందులలో మెథోట్రెక్సేట్ సాధారణంగా ఉంటుంది. మొదటి మాత్ర కణాల పెరుగుదలకు ఊతమిస్తుంది. రెండవది సరిగ్గా ఆ ఊతాన్నే లాగివేస్తుంది. పరస్పర విరుద్ధమైన ఈ రెండు మందులూ ఒకే ప్రయోగశాలలో, ఒకే మనిషి పర్యవేక్షణలో రూపొందాయి. ఆయన భీమవరంలో పుట్టిన తెలుగువాడు, ఎల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న జన్మించారు. వార్తా విభాగంలో పనిచేసేవారికి ఆ తేదీ మరొక కారణంగా గుర్తుంటుంది. అది స్వామి వివేకానందుని జయంతి, జాతీయ యువజన దినోత్సవం. ఆనాటి బులెటిన్ ఆ కార్యక్రమాలతోనే నిండిపోతుంది. చివర్లో సమయం మిగిలితే సుబ్బారావుకు రెండు వాక్యాలు దక్కుతాయి, మిగలకపోతే అవి కూడా ఉండవు. ఈ పొత్తులో ఒక విచిత్రం ఉన్నది. యౌవనంలో సుబ్బారావు కోరుకున్నది వైద్యమూ కాదు, రసాయన శాస్త్రమూ కాదు. వివేకానందుడు స్థాపించిన రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యసించాలని ఆయన తపించారు.

తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ముందుగానే ఉద్యోగం విడిచిపెట్టవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ. పెద్ద కుటుంబం, చాలీచాలని రాబడి. సుబ్బారావు బాల్యం చాలావరకు రాజమండ్రిలో గడిచింది. చదువు మీద మనసు నిలవని ఆ పిల్లవాడు పదమూడేళ్ళ వయసులో కాశీకి వెళ్ళి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి వెనక్కు రప్పించింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. భర్త మరణం తరువాత కూడా వెంకమ్మ పట్టు సడలించలేదు. ఒంటిమీద మిగిలిన బంగారం అమ్మి మద్రాసు పంపిందని కుటుంబంలో చెప్పుకొనేవారు. అక్కడి హిందూ ఉన్నత పాఠశాలలో మూడవ ప్రయత్నంలో ఆయన గట్టెక్కారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తికాగానే సన్యాసం ఆలోచన మళ్ళీ తలెత్తింది. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోలేమని మిషన్ పెద్దలు చెప్పారు, తల్లి అనుమతించలేదు. వైద్యుడై ఆశ్రమ ఆసుపత్రులలో సేవ చేయవచ్చునన్న తలంపుతో ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

ఆ చదువుకు అండగా నిలిచినవారిలో ముఖ్యులు కస్తూరి సూర్యనారాయణమూర్తి. తరువాత ఆయనే మామగారయ్యారు. ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావు వివాహం విద్యార్థి దశలోనే జరిగింది.

ఇంతలో ఇంట్లో పిడుగు పడింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఆయుర్వేద వైద్యులు గ్రహణి అని చెప్పే కోవకు చెందిన జబ్బు ఇది. తిన్న ఆహారం ఒంటికి పట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం క్షీణిస్తుంది, నాలుక పుండవుతుంది, మనిషి చూస్తుండగానే ఎముకల గూడవుతాడు. వైద్య విద్యార్థి అయి ఉండి కూడా సుబ్బారావు చేయగలిగినది ఏమీ లేకపోయింది, ఎందుకంటే ఆనాటి పాశ్చాత్య వైద్యంలో దానికి మందు లేదు. కొంతకాలానికి అదే వ్యాధి ఆయనకూ సోకింది. ఆయుర్వేద చికిత్సలో పేరెన్నికగన్న ఆచంట లక్ష్మీపతి వైద్యంతో బతికి బయటపడ్డారు. మందులో ఏదో ఉన్నది, అది ఏమిటో ఎవరికీ తెలియదు. ఆ తెలియనితనం ఆయనను వదలలేదు.

గాంధీజీ విదేశీ వస్తు బహిష్కరణ పిలుపునిచ్చిన రోజులవి. సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు దుస్తులతో వెళ్ళసాగారు. బ్రిటిష్ ఆచార్యునికి అది మింగుడు పడలేదు. రాత పరీక్షలు బాగా రాసినా చివరకు చేతికి వచ్చినది ఎంబీబీఎస్ పట్టా కాదు, దానికంటే తక్కువ స్థాయిదైన ఎల్ఎంఎస్. మద్రాసు వైద్య సర్వీసులో ప్రవేశం దొరకలేదు. లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్ర బోధకునిగా చేరారు. ఒక గజం ఖద్దరు గుడ్డ ఆయన జీవిత గమనాన్ని మార్చిందని చెప్పడం అతిశయోక్తి కాదు. పూర్తి పట్టా వచ్చి ఉంటే ఏదో జిల్లా ఆసుపత్రిలో మంచి పేరున్న డాక్టరుగా ఆయన స్థిరపడేవారేమో.

అమెరికా వెళ్ళి ఉష్ణమండల వ్యాధులను అధ్యయనం చేయాలన్న కోరిక ఈ దశలోనే బలపడింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత సహాయం చేసింది, మిగిలినది మామగారు సమకూర్చారు. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు మాట ఇచ్చి ఓడ ఎక్కారు. అప్పటికి శేషగిరి గర్భవతి. ఆమెకు కొడుకు పుట్టాడు, శైశవంలోనే కన్నుమూశాడు. తండ్రి ఆ బిడ్డ ముఖం చూడలేదు.

1922 అక్టోబరులో సుబ్బారావు బోస్టన్ చేరారు. హార్వర్డ్ ఉష్ణమండల వైద్య విద్యాలయం ప్రవేశమైతే ఇచ్చింది గానీ విద్యార్థి వేతనం ఇవ్వలేదు. ఆయన పట్టాతో అక్కడ వైద్యునిగా పనిచేయడం సాధ్యం కాదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కుదిరారు. పగలు తరగతులు, రాత్రి ఆ పని. డిప్లొమా పూర్తి చేసిన తరువాత జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని వద్ద పరిశోధకునిగా చేరారు.

అక్కడ ఆయనకు అప్పగించిన పని చూడటానికి చాలా చిన్నది. రక్తంలో, మూత్రంలో ఉండే భాస్వరాన్ని, అంటే ఫాస్ఫరస్‌ను, కొద్దిపాటి నమూనాతో త్వరగా కొలిచే పద్ధతి కనుక్కోవాలి. నమూనాకు ఆమ్లంతో పాటు మాలిబ్డేట్ కలిపి, ఒక క్షయకరణ పదార్థాన్ని చేరిస్తే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. 1925లో ప్రచురితమైన ఈ ఫిస్కే–సుబ్బారావు పద్ధతిని ప్రపంచమంతటా జీవరసాయన శాస్త్ర విద్యార్థులు నేర్చుకున్నారు. మన వైద్య కళాశాలల ప్రయోగశాలల్లోనూ ఎన్నో తరాల విద్యార్థులు ఆ పేరు పలికారు. వారిలో ఎందరికి ఆ రెండవ పేరు గోదావరి జిల్లావానిదని తెలిసి ఉంటుందో చెప్పలేము.

ఆ నీలిరంగే ఒక రహస్యాన్ని బయటపెట్టింది. కండరం నుంచి తీసిన ద్రవాన్ని పరీక్షించినప్పుడు రంగు వెంటనే రాకుండా తాత్సారం చేస్తూ నెమ్మదిగా చిక్కబడింది. మరొకరైతే పరీక్షలో లోపమనుకొని ఆ గొట్టాన్ని కడిగి పెట్టేవారు. ఫిస్కే, సుబ్బారావు ఆ ఆలస్యానికి కారణం వెతికారు. కండరంలో భాస్వరం మరొక పదార్థంతో ముడిపడి ఉన్నది. ఆమ్లం తగలగానే ఆ ముడి కొంచెం కొంచెంగా విడిపోతున్నది, అందుకే రంగు నిదానంగా తేలుతున్నది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసినప్పుడు అది తరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్ళీ చేరుతుంది. దాదాపు అదే కాలంలో ఇంగ్లండులో ఎగల్‌టన్ దంపతులు కూడా దీని జాడ పట్టారు. 1927లో ఈ ఫలితం వెలువడటంతో, కండరానికి శక్తి లాక్టిక్ ఆమ్లం నుంచే వస్తుందన్న నమ్మకం కూలిపోయింది. కండర పరిశోధనకు 1922 నోబెల్ బహుమతి పొందిన హిల్, మేయర్‌హాఫ్‌ల సిద్ధాంతమది.

రెండేళ్ళ తరువాత, 1929లో, అదే బాటలో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, నేడు బడిపిల్లలకు కూడా ఏటీపీగా తెలిసినది, వెలుగు చూసింది. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే సంవత్సరం స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. అడినిన్ అనే క్షారం ఒక చక్కెరతో కలిస్తే అడినోసిన్ ఏర్పడుతుంది. ఇటువంటి జంటలకు న్యూక్లియోసైడ్లని పేరు. దానికి ఒకదాని వెనుక ఒకటిగా మూడు ఫాస్ఫేట్ కడియాలు తగిలిస్తే ఏటీపీ. నడక, ఆలోచన, గుండె కొట్టుకోవడం వంటి పనులన్నింటికీ కణం వెచ్చించే నగదు ఇదే. ఈ మూడు కడియాల సంగతి పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి. రక్త క్యాన్సర్ మందుల కథలో అవి మళ్ళీ ఎదురవుతాయి.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. ఇంతటి పరిశోధన చేసినవానికి హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్య పదవి దక్కడం న్యాయం. దక్కలేదు. విదేశీయుడు కావడం, తన పని గురించి తాను చెప్పుకోకపోవడం రెండూ అడ్డుపడ్డాయని అనుకోవచ్చు. కానీ అక్కడ జరిగిన నష్టం ఒక ఉద్యోగానికి పరిమితం కాలేదు. అదే విభాగంలో పరిశోధన విద్యార్థిగా ఉన్న జార్జ్ హిచింగ్స్, తరువాతి కాలంలో నోబెల్ బహుమతి అందుకున్నవారు, ఈ విషయాన్ని బయటపెట్టారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్ల వివరాలు ఫిస్కే అసూయ కారణంగా వెలుగులోకి రాలేదని, అనేక ఏళ్ళ తరువాత ఇతరులు వాటిని తిరిగి కనుగొనవలసి వచ్చిందని ఆయన అభిప్రాయపడ్డారు. హిచింగ్స్ బయటివాడు కాదు. ఆయన, సుబ్బారావు కలిసి 1939లో పాంటోథెనిక్ ఆమ్లంపై పత్రం ప్రచురించారు. ఈ మాట వ్యక్తిగత మర్యాదల గురించినది మాత్రమే అయితే ఇక్కడ ప్రస్తావించనవసరం లేదు. న్యూక్లియోటైడ్లంటే డీఎన్ఏ, ఆర్ఎన్ఏల ఇటుకలు. వాటిని పోలిన కృత్రిమ పదార్థాలతోనే తరువాత క్యాన్సర్ మందులు తయారయ్యాయి. ఆ సొరుగులో ఉండిపోయిన కాగితాల వల్ల ఎన్ని సంవత్సరాలు వృథా అయ్యాయో లెక్కకట్టడం ఎవరి వల్లా కాదు.

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అది అమెరికన్ సయనమిడ్ సంస్థకు చెందిన ఔషధ విభాగం. త్వరలోనే పరిశోధనా విభాగానికి సారథి అయ్యారు. విశ్వవిద్యాలయం ఇవ్వనిది ఒక వ్యాపార సంస్థ ఇచ్చింది. రసాయన శాస్త్రజ్ఞులు, సూక్ష్మజీవ నిపుణులు, వైద్యులతో కూడిన పెద్ద బృందం ఆయన చేతికి వచ్చింది.

ఆయన ముందు పెట్టుకున్న లక్ష్యాలలో ఒకటి పాతదే. సోదరులను తీసుకుపోయిన వ్యాధికి మందు. ఇక్కడ కథ కొంతసేపు మన దేశానికి వస్తుంది. 1920ల చివర, 1930ల ఆరంభంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బట్టల మిల్లులలో పనిచేసే పేద గర్భిణులలో ప్రాణాంతకమైన రక్తహీనతను అధ్యయనం చేశారు. ఈస్ట్ సారం ఇస్తే ఆ స్త్రీలు కోలుకున్నారు. అందులోని పదార్థమేమిటో ఆమెకు అంతుపట్టలేదు. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు పాలకూర నుంచి ఒక పెరుగుదల కారకాన్ని సేకరించి, ఆకు అనే అర్థం వచ్చే లాటిన్ పదంతో దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరుపెట్టారు. టన్నుల కొద్దీ ఆకు నుంచి కొద్దిపాటి పదార్థం కూడా శుద్ధంగా దక్కని పరిస్థితి అది. మందుగా వాడాలంటే ప్రయోగశాలలో తయారు చేయగలగాలి. లెడర్లీ బృందం ఆ నిర్మాణాన్ని ఛేదించి, కృత్రిమంగా తయారుచేసి, 1946లో వివరాలు ప్రకటించింది. ఆ పత్రం మీద 16 మంది పేర్లున్నాయి. సుబ్బారావు పేరు మొదటా లేదు, చివరా లేదు, నడుమ ఎక్కడో ఉన్నది.

వెంటనే టామ్ స్పైస్ అనే అమెరికన్ వైద్యుడు క్యూబా, ప్యూర్టోరికోలలో స్ప్రూ రోగులకు దానిని ఇచ్చి చూశారు. మంచం పట్టినవారు లేచి కూర్చున్నారు. పురుషోత్తం, కృష్ణమూర్తి మరణించి అప్పటికి పాతికేళ్ళు దాటింది.

ఫోలిక్ ఆమ్లం పని ఏమిటి? కణం రెండుగా చీలడానికి ముందు తన డీఎన్ఏను నకలు తీయాలి. నకలుకు కావలసిన ఇటుకలను తయారుచేయడంలో ఫోలిక్ ఆమ్లం పనిముట్టు. అది లేకపోతే ఎముక మజ్జలో రక్తకణాలు పరిపక్వం కావు, రక్తహీనత వస్తుంది. గర్భిణికి, సికిల్‌సెల్ రోగికి దాని అవసరం ఎక్కువ కావడానికి కారణం ఇదే. ఒకరిలో కొత్త ప్రాణం పెరుగుతున్నది, మరొకరిలో పాత రక్తకణాలు త్వరత్వరగా నశించి కొత్తవి అంత త్వరగానూ పుట్టాలి.

బోస్టన్ బాలల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే రోగనిర్ధారణ శాస్త్రజ్ఞుడు ఉండేవారు. లుకేమియాతో మరణించిన పిల్లల శరీరాలను పరీక్షించడం ఆయన ఉద్యోగం. ఆనాడు ఈ వ్యాధి సోకిన పిల్లలు కొన్ని వారాలలో, మహా అయితే కొన్ని నెలలలో పోయేవారు. రక్తహీనతలో లుకేమియాలో రెండింటిలోనూ మజ్జ దెబ్బతింటుంది కనుక ఫోలిక్ ఆమ్లం మేలు చేస్తుందేమోనని ఫార్బర్ ఊహించారు. లెడర్లీ నుంచి తెప్పించిన ఫోలిక్ ఆమ్ల రూపాలను పిల్లలకిచ్చారు. ఫలితం భయంకరం. కొందరిలో క్యాన్సర్ కణాలు మరింత ఉధృతంగా పెరిగినట్లు కనిపించింది. నేటి నైతిక నియమాల ప్రకారం అటువంటి ప్రయోగానికి అనుమతి దొరకడం కష్టం. అయినా ఆ చేదు అనుభవమే తలుపు తెరిచింది. ఫోలిక్ ఆమ్లం ఈ కణాలకు మేత అయితే, ఆ మేతను ఆపితే ఏమవుతుంది?

సుబ్బారావు బృందం వద్ద దానికి సమాధానం తయారవుతూ ఉన్నది. ఫోలిక్ ఆమ్లాన్ని నిర్మిస్తున్న క్రమంలో దానిని పోలిన, కానీ ఒకటి రెండు చోట్ల తేడా ఉన్న పదార్థాలను వారు తయారుచేశారు. తాళానికి దాదాపు సరిపోయే దొంగ తాళంచెవి వంటివి ఇవి. లోపలికి వెళతాయి, తిరగవు, అసలు చెవికి చోటు లేకుండా ఇరుక్కుపోతాయి. ఒక ఆక్సిజన్ స్థానంలో అమైనో గుంపును చేర్చి రూపొందించిన అమినోప్టెరిన్ వాటిలో అన్నిటికంటే బలమైనది. 1947 డిసెంబరులో అది ఫార్బర్ చేతికి అందింది. బోస్టన్‌లో ఓడలు నిర్మించే చోట పనిచేసే ఒక కార్మికుని కొడుకు, ఇంకా మూడేళ్ళు నిండని పసివాడు, వ్యాధి ముదిరి కదలలేని స్థితిలో ఉన్నాడు. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన కొద్ది రోజులకే అతని రక్తంలో తెల్లకణాల ఉప్పెన తగ్గుముఖం పట్టింది. ఉబ్బిన పొట్ట తగ్గింది. ఆకలి వేసింది, నడిచాడు.

1948 జూన్ 3న ఫార్బర్ బృందం తమ ఫలితాలను ప్రకటించింది. చికిత్స పొందిన 16 మంది పిల్లలలో 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా వెనుకంజ వేసింది. తాత్కాలికంగా అన్న మాట శీర్షికలోనే ఉన్నది, ఎందుకంటే ఆ పిల్లలలో వ్యాధి తిరిగి వచ్చింది. ఆ ఓడల కార్మికుని బిడ్డ కూడా దక్కలేదు. కానీ పిల్లలలో వచ్చే తీవ్రమైన లుకేమియాను ఒక రసాయనం వెనక్కు నెట్టగలదని లోకం మొదటిసారి చూసింది. వృత్తిపరంగా వార్తల ప్రాధాన్యం నిర్ణయించేవానిగా ఒక మాట చెప్పవలసి వస్తే, ఆనాడు చాలామంది వైద్యులు దీనిని నమ్మలేదు, కొందరు పిల్లలను ప్రశాంతంగా పోనివ్వరెందుకని ఫార్బర్‌ను నిలదీశారు. పెద్ద వార్తలు పుట్టిన రోజున పెద్దవిగా కనిపించవు.

అమినోప్టెరిన్‌కు విషప్రభావం ఎక్కువ. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్, అదే లెడర్లీలో పుట్టినది, కొంత భద్రమైనదిగా తేలి దాని స్థానాన్ని ఆక్రమించింది. 1956లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ గర్భాశయంలో పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను ఈ మందుతోనే లొంగదీసి చూపారు. కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోతున్న ఎందరో పెద్దవారు నేడు వారానికొకసారి మింగుతున్నది కూడా ఇదే మందు, మోతాదు మాత్రమే చాలా తక్కువ. పిల్లలలో సాధారణంగా కనిపించే లింఫోబ్లాస్టిక్ లుకేమియాకు నేడు అనేక మందులను వరుసగా, కలిపి ఇస్తారు. వసతులున్న దేశాలలో దాదాపు 90 శాతం పిల్లలు కోలుకుంటున్నారు. ఆ మందుల వరుసలో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉన్నది.

దాని పక్కనే ఉండే మరికొన్ని మందులు న్యూక్లియోసైడ్ నకళ్ళ కోవలోనివి. ఇక్కడే హార్వర్డ్ నాటి దారి మళ్ళీ కలుస్తుంది. హిచింగ్స్, ఆయన సహచరి గెర్‌ట్రూడ్ ఎలియన్ కలిసి డీఎన్ఏ ఇటుకలలో ఒకదానిని పోలిన 6-మెర్కాప్టోప్యూరిన్‌ను రూపొందించారు. 1953లో అది లుకేమియా చికిత్సకు ఆమోదం పొందింది. 1988లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తరువాతిది సైటరాబిన్. కరీబియన్ సముద్రపు స్పంజిలో దొరికిన ఒక వింత న్యూక్లియోసైడ్ ఆధారంగా శాస్త్రవేత్తల ఆలోచన సాగి, 1959లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఈ మందు తయారైంది. 1969లో వాడుకకు అనుమతి లభించింది. పెద్దలలో వచ్చే తీవ్రమైన మైలాయిడ్ లుకేమియాకు దీనిని ఏడు రోజుల పాటు నరం ద్వారా ఎక్కిస్తూ, మూడు రోజులు మరో మందును జోడించే పద్ధతి 1970ల నుంచి నేటివరకు కొనసాగుతున్నది.

సైటరాబిన్ సీసాలో ఉన్నప్పుడు నిరపాయకరమైన పదార్థమే. అది కణంలోకి ప్రవేశించగానే కణం దానిని తన సొంత ఇటుకగా పొరబడి, ఒకదాని తరువాత ఒకటి మూడు ఫాస్ఫేట్లు తగిలిస్తుంది. ఏటీపీకి ఉన్నట్లే మూడు కడియాలు. ఆ ఫాస్ఫేట్లను అందించేవాటిలో ముఖ్యమైనది కూడా ఏటీపీయే. మూడు కడియాలు తొడిగిన తరువాతే అది మందు అవుతుంది, అప్పుడు డీఎన్ఏ గొలుసులోకి దూరి గొలుసు ముందుకు సాగకుండా చేస్తుంది. సైటరాబిన్‌ను సుబ్బారావు చూడలేదు, దానితో ఆయనకు ప్రత్యక్ష సంబంధం లేదు. న్యూక్లియోసైడ్‌కు మూడు ఫాస్ఫేట్లు చేరే ఆ అమరికను మొదట గుర్తించినవారిలో మాత్రం ఆయన ఒకరు. హార్వర్డ్ సొరుగులోని పుటలు సకాలంలో బయటపడి ఉంటే ఈ మందుల చరిత్ర ఎంత ముందుకు జరిగేదన్న ప్రశ్న ఈ వ్యాసకర్తను వదలడం లేదు.

ఆయన బృందం సాధించిన ఇతర విజయాలు కూడా తక్కువవి కావు. 1947లో వెలువడిన డైఇథైల్ కార్బమజైన్, హెట్రాజాన్ పేరుతో వచ్చినది, బోదకాలుకు మందు. ఆయన పుట్టిన గోదావరి డెల్టాలో బోదకాలు లేని వీధి లేని రోజులవి. ఆ తరువాత దశాబ్దాల పాటు ఆంధ్ర గ్రామాలలోనూ, ఛత్తీస్‌గఢ్‌లోనూ ఇంటింటికీ వెళ్ళి ఆరోగ్య సిబ్బంది మింగించినది ఆ మందే. వృక్ష శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్‌ను ఉద్యోగ విరమణ వయసు దాటిన తరువాత లెడర్లీలో చేర్చుకొని మట్టి నమూనాలను వెతికించగా దొరికినది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటిది. 1994లో సూరత్‌లో ప్లేగు కలకలం రేగినప్పుడు జనం మందుల దుకాణాల ముందు బారులు తీరినది ఆ కుటుంబపు గొట్టాల కోసమే.

ఆరియోమైసిన్ 1948 వేసవిలో లోకానికి పరిచయమైంది. ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు మరణించారు. వయసు 53 ఏళ్ళు. ఫార్బర్ ఫలితాలు వెలువడి అప్పటికి రెండు నెలలు. ఆయన కనుగొన్న దారి ఎంత దూరం వెళుతుందో చూసే అవకాశం ఆయనకు దొరకలేదు.

అమెరికాలో 26 సంవత్సరాలు గడిపినా ఆయన అక్కడి పౌరుడు కాలేదు. 1946 వరకు భారతీయులకు ఆ హక్కే లేదు, వచ్చిన తరువాత కూడా ఆయన ఆ ప్రక్రియను ముగించలేదు. మన దేశానికి తిరిగి రానూ లేదు. శేషగిరికి ఇచ్చిన మూడేళ్ళ గడువు ముగిసిపోయి ఎన్నో ఏళ్ళు గడిచాయి. ఉత్తరాలు వచ్చాయి, ఆయన రాలేదు. సుబ్బారావు జీవితాన్ని కీర్తించే రచనలలో ఆమె ఒక వాక్యంగా మిగిలిపోతుంది. ఆయన త్యాగం గురించి చెప్పేటప్పుడు ఎవరి జీవితం ఖర్చయిందో కూడా చెప్పాలి. బిడ్డను పోగొట్టుకొని, బతికి ఉన్న భర్తను పాతికేళ్ళు చూడకుండా, చివరకు సముద్రానికి ఆవలి నుంచి వచ్చిన మరణవార్త విన్నది ఆమె.

నోబెల్ రాలేదన్న బాధ మన పత్రికలలో తరచు కనిపిస్తుంది. అది న్యాయమైన బాధే. అయితే ఆయన పేరు మరుగున పడటానికి ఇతరులు ఒక్కరే కారకులు కారు. కనుగొన్న వస్తువులకు తన పేరు పెట్టుకోలేదు, పత్రికా విలేకరుల ఎదుటకు రాలేదు, బృందంలోని చిన్నవారి పేర్లను ముందుంచారు. సన్యాసం దొరకని మనిషి ప్రయోగశాలలో దానిని ఆచరించాడని కొందరు అంటారు. ఆ పోలిక అందంగా ఉన్నది గానీ ప్రభుత్వ రంగంలో పనిచేసిన ఎవరికైనా మరొకటి కూడా తెలుసు. ఎవరి పని ఎవరి పేరిట నమోదవుతుందో పట్టించుకోని చోట కష్టపడినవాడు వినయవంతుడైతే నష్టం అతనికి మాత్రమే కాదు, తరువాత ఆ దారిలో రావలసినవారికి కూడా.

తెలుగు పత్రికా రచయిత ఎస్పీకే గుప్త ఎన్నో ఏళ్ళు శ్రమించి, సహచరులను, బంధువులను కలిసి రాసిన ఆంగ్ల జీవిత చరిత్ర 1987లో వెలువడింది. ఆయన గురించి నేడు తెలిసినదానిలో అధిక భాగం ఆ శ్రమ వల్ల దక్కినదే. అంతకుముందే, 1953లో, ఒక శిలీంధ్ర జాతికి శాస్త్రజ్ఞులు సుబ్బారోమైసిస్ అని ఆయన పేరు పెట్టారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఆయన చిత్రంతో బిళ్ళ విడుదల చేసింది.